ఒకసారి కాదన్న నెట్‌వర్కును మళ్లీ ఎప్పుడు అడగాలి?

నల్గొండ, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో బోరు మోటారుకు సెల్ స్టార్టర్ బిగించుకున్న రైతులకు ఒక మరమ్మతు బాగా తెలుసు. ఇంటి నుంచి ఫోను చేస్తే మోటారు కదలదు. బండి తీసుకుని పొలానికి వెళతారు. డబ్బా మూత తీసి, సిమ్ బయటికి లాగి, చొక్కాకు తుడిచి మళ్లీ పెడతారు. కాసేపటికి మోటారు అందుకుంటుంది. సిమ్ మీద దుమ్ము పట్టిందనుకుంటారు. దుమ్మే కారణం కావచ్చు కూడా. కానీ చొక్కాకు తుడవకపోయినా, ఉత్తినే తీసి పెట్టినా పని జరిగే సందర్భాలున్నాయి. ఎందుకంటే నెట్‌వర్కు ఎప్పుడో ఇచ్చిన తిరస్కరణను ఆ పరికరం గుర్తుపెట్టుకుని, మళ్లీ అడగకుండా ఉండిపోతుంది. సిమ్ తీయగానే ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది. తిరిగి పెట్టగానే కొత్తగా వచ్చిన పరికరంలా తలుపు తడుతుంది.

ఈ చిన్న మరమ్మతు వెనకున్న సూత్రం 5జీలో మరింత లోతుకు వెళ్లింది. నెట్‌వర్కు స్లైసు, దానికి విడిగా జరిగే ధ్రువీకరణ, అది విఫలమైనప్పుడు పరికరం తిరిగి కోలుకోవడం అనే మూడు విషయాలనూ విడదీసి చూస్తే, అసలు చిక్కంతా మరపు దగ్గరే ఉందని నాకు అనిపిస్తుంది. ఏ తిరస్కరణను ఎవరు గుర్తుంచుకోవాలి, ఎంతసేపు గుర్తుంచుకోవాలి, ఎప్పుడు మరచిపోవాలి అన్నది తేల్చకుండా పెట్టిన పరికరం పొలంలో ఇనుప డబ్బాగా మిగిలిపోతుంది.

ముందు స్లైసు సంగతి. నాగార్జునసాగర్ ఎడమ కాలువలో పారేది ఒకే నీరు. మిర్యాలగూడ వైపు దిగేకొద్దీ ఆ నీరు మేజర్లుగా, మైనర్లుగా, పిల్ల కాలువలుగా విడిపోతుంది. ప్రతి తూముకూ ఒక షట్టరు, దాన్ని తిప్పే లష్కరు ఉంటారు. 5జీలో కూడా టవర్లు, కేబుళ్లు, సర్వర్లు అన్నీ ఉమ్మడివే. వాటి మీద ఒక్కో అవసరానికి ఒక్కో ప్రవాహాన్ని విడదీసి, దానికి ఇంత వేగం, ఇంతకు మించని ఆలస్యం, ఇంత భద్రత అని హామీ ఇవ్వడమే స్లైసు. ప్రతి స్లైసుకూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. అందులో మొదటి 8 బిట్లు రకాన్ని చెబుతాయి: 1 అంటే మామూలు వేగవంతమైన ఇంటర్నెట్, 2 అంటే ఆలస్యం అసలు సహించని పనులు, 3 అంటే మీటర్లు, సెన్సర్ల వంటి లెక్కలేనన్ని చిన్న పరికరాలు, 4 అంటే వాహనాలు. తర్వాతి 24 బిట్లు అదే రకంలో ఒక సంస్థ స్లైసును మరో సంస్థ స్లైసు నుంచి వేరుచేస్తాయి. ఒక ఫోనుకు ఒకేసారి అనుమతించగల స్లైసులు 8 వరకే.

మన దేశంలో 5జీ సేవలు 2022 అక్టోబరు 1న మొదలయ్యాయి. పాత 4జీ కేంద్ర వ్యవస్థ మీద ఆధారపడి నడిచే 5జీలో ఈ స్లైసులు కుదరవు, పూర్తిగా 5జీ సొంత కేంద్ర వ్యవస్థ ఉండాలి. కాబట్టి ఈనాటి బోరు స్టార్టర్లకు స్లైసులతో పని లేదు. అవి కాల్‌తోనో మెసేజ్‌తోనో నడుస్తున్నాయి. రేపు కాలువ షట్టర్లకు, విద్యుత్ మీటర్లకు, రైసు మిల్లుల లారీలకు, అంబులెన్సులకు ప్రత్యేక స్లైసులు ఇవ్వాలన్నప్పుడు మాత్రం ఈ ప్రశ్న మన ఊళ్లకు వస్తుంది. అప్పుడు నేర్చుకోవడం కన్నా ఇప్పుడే అర్థం చేసుకోవడం మేలు.

రెండు తలుపులు

ఫోను 5జీ నెట్‌వర్కులోకి రావాలంటే మొదట సిమ్ తన నిజాయితీని రుజువు చేసుకోవాలి. సిమ్‌లోనూ, ఆపరేటరు దగ్గరా ఒకే రహస్య సంఖ్య ఉంటుంది. దాన్ని బయటపెట్టకుండానే ఒకరినొకరు పరీక్షించుకుంటారు. ఇది మొదటి తలుపు. ఎన్నో ఏళ్లుగా నలిగిన దారి కాబట్టి దీనిలో మరమ్మతు కూడా లోపలే అమర్చి ఉంది. ఉదాహరణకు, పాత సందేశాన్ని ఎవరైనా దొంగిలించి మళ్లీ వాడకుండా సిమ్, నెట్‌వర్కు రెండూ 48 బిట్ల క్రమసంఖ్యను లెక్కిస్తుంటాయి. ఆ లెక్క తప్పితే సిమ్ మూగబోదు. నా లెక్క ఇక్కడుంది, నువ్వు సరిచేసుకో అని ఒక ప్రత్యేక సందేశం తిప్పి పంపుతుంది. నెట్‌వర్కు సరిచేసుకుని మళ్లీ పరీక్షిస్తుంది. మన జేబులో ఇదంతా జరిగిపోతుంది, మనకు తెలియను కూడా తెలియదు. నమోదు కోసం పంపిన అర్జీకి జవాబు రాకపోయినా అంతే. ఫోను 10 సెకన్లు ఆగి మళ్లీ అడుగుతుంది. అయిదుసార్లు విఫలమైతే మామూలుగా 12 నిమిషాలు విరామం తీసుకుని తిరిగి మొదలుపెడుతుంది.

రెండో తలుపు కొత్తది. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ కూటమి 2020లో ముగించిన 16వ విడతలో దీన్ని చేర్చింది. స్లైసు యజమాని ఆపరేటరు కాక మరో సంస్థ అయినప్పుడు, ఆ సంస్థ తన మనుషులనూ తన పరికరాలనూ తానే గుర్తించాలనుకుంటుంది. సిమ్ ఆపరేటరుది. ఉద్యోగి మాత్రం సంస్థవాడు. ఆ ఉద్యోగి నిన్న రాజీనామా చేశాడన్న సంగతి సిమ్‌కు తెలియదు. అందుకని మొదటి తలుపు దాటాక, కొన్ని స్లైసులకు మాత్రం సంస్థ సర్వరుతో మరో పరీక్ష జరుగుతుంది. సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్టో (గడువు ఉండే డిజిటల్ గుర్తింపు పత్రం), పేరూ పాస్‌వర్డో ఇక్కడ చూపాలి. ఆపరేటరు మధ్యలో ఉత్తరాలు మోసే మనిషిలా ఉంటాడు. ప్రశ్న సంస్థది, జవాబు ఫోనుది, తీర్పు మళ్లీ సంస్థదే.

పరీక్ష నడుస్తున్నంతసేపూ ఆ స్లైసు పెండింగ్ జాబితాలో ఉంటుంది. పరీక్ష అవసరం లేని స్లైసులు ఈలోగా పనిచేస్తూనే ఉంటాయి. అందుకే ఈ వైఫల్యం బయటికి విచిత్రంగా కనిపిస్తుంది. సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, వీడియోలు ఆడతాయి, కాల్స్ వెళతాయి, ఆఫీసు ఇచ్చిన ఒక్క యాప్ మాత్రం తెరుచుకోదు. వాడేవారు యాప్‌ను తిడతారు. యాప్ తయారుచేసినవారు నెట్‌వర్కును చూపిస్తారు. నెట్‌వర్కువారు గీతలు నిండుగా ఉన్నాయి కదా అంటారు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు.

నాలుగు బైట్ల తీర్పు

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. స్లైసును నిరాకరించినప్పుడు నెట్‌వర్కు ఫోనుకు ఒక కారణం చెబుతుంది. ఫోను దాన్ని తిరస్కృత జాబితాలో రాసుకుంటుంది. కారణాన్నిబట్టి ఆ రాతకు ఆయుష్షు ఉంటుంది. ఈ ప్రాంతంలో ఈ స్లైసు లేదు అంటే, ఫోను ఆ నమోదు ప్రాంతం (కొన్ని టవర్లు కలిసిన పరిధి) దాటగానే ఆ రాత చెరిగిపోతుంది. ఈ స్లైసు నిండిపోయింది, ఇక పరికరాలు పట్టవు అంటే (2022లో ముగిసిన 17వ విడతలో వచ్చిన కారణం ఇది), దానితో పాటు ఒక టైమరు నడుస్తుంది. టైమరు ముగియగానే ఫోను మళ్లీ అడగవచ్చు. కానీ ధ్రువీకరణ విఫలమైంది లేదా రద్దయింది అన్న కారణానికి ఏ టైమరూ లేదు. ఫోను స్విచాఫ్ చేసేవరకో, సిమ్ తీసేవరకో, నెట్‌వర్కే తనంతట తాను కొత్త ఆదేశం పంపేవరకో ఆ స్లైసును అడగకూడదు. టవరు ద్వారా కాకుండా వైఫై దారిలో వెళ్లినా అడగకూడదు.

నిండిపోయిన గదికి గడువు ఉంది, గుర్తించని మనిషికి గడువు లేదు. పైకి చూస్తే ఇది న్యాయమే. అర్హత లేని పరికరం నిమిషానికోసారి తలుపు తడితే నెట్‌వర్కుకూ, సంస్థ సర్వరుకూ, పరికరం బ్యాటరీకీ దండగ. అయితే గుర్తించలేదు అన్న ఒక్క మాట కింద ఎన్ని వేర్వేరు నిజాలు దాక్కున్నాయో చూడండి.

పరికరానికి నిజంగానే అర్హత లేకపోవచ్చు. అలాంటప్పుడు శాశ్వత తిరస్కరణే సరైనది, కోలుకోవడం అన్న ప్రశ్నే రాదు. రెండోది, సర్టిఫికెట్ గడువు తీరి ఉండవచ్చు. మూడోది, సర్టిఫికెట్ బాగానే ఉన్నా పరికరంలో గడియారం తప్పి ఉండవచ్చు. ఈ మూడోదాని గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఎందుకంటే ఇది మన పొలాల పరిస్థితికి బాగా దగ్గర. కరెంటు పోయి, లోపలి చిన్న బ్యాటరీ కూడా నీరసించిన పరికరం తిరిగి లేచేసరికి చాలా కంప్యూటర్ల లెక్క మొదలయ్యే తేదీకి, అంటే 1970 జనవరి 1కి జారిపోతుంది. ఆ గడియారం ప్రకారం సంస్థ సర్వరు చూపే సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. కాబట్టి పరికరమే ఆ సర్వరును నమ్మక పరీక్షను మధ్యలో తుంచేస్తుంది. నెట్‌వర్కు సరైన సమయాన్ని పరికరానికి పంపగలదు కానీ అది నమోదు అయిన తర్వాత వచ్చే సందేశంలో వస్తుంది, వస్తుందన్న హామీ కూడా లేదు. పరీక్ష ముందు జరిగి సమయం తర్వాత వస్తే, సమయం వచ్చేసరికే తిరస్కరణ జాబితాలో పడి ఉంటుంది. గడియారం సరయింది, సర్టిఫికెట్ సరిగానే ఉంది, అయినా పరికరం అడగదు.

నాలుగోది సిగ్నల్. నల్లమలలో మన్ననూరు దాటి లోపలికి వెళ్లే దారిలో టవరు అందీ అందకుండా ఉంటుంది. నెట్‌వర్కు పంపిన ప్రశ్నకు ఫోను జవాబు చేరకపోతే 15 సెకన్లు ఆగి మళ్లీ పంపుతుంది. అలా మొత్తం అయిదు గడువులు, 75 సెకన్లు, చూసి ప్రయత్నం ఆపేస్తుంది. ఇక్కడ తప్పు కొండది, సర్టిఫికెట్‌ది కాదు.

అయిదోది, నా దృష్టిలో అన్నింటికన్నా ప్రమాదకరమైనది, సంస్థ సర్వరే పడిపోవడం. ఒక్క సర్వరు గంటసేపు మూగబోతే ఆ గంటలో అడిగిన ప్రతి పరికరమూ ఇబ్బందిలో పడుతుంది. ప్రమాణం ఇక్కడ కొంత జాగ్రత్త తీసుకుంది. పరీక్ష పూర్తికాకపోతే నెట్‌వర్కు ఆ సంగతి తన దగ్గర రాసుకుని, ఫోను మళ్లీ అడిగినప్పుడు పరీక్షను కొత్తగా మొదలుపెట్టాలంది. మంచిదే. కానీ ఫోనుకు ఏ కారణం చెప్పారన్నది కూడా అంతే ముఖ్యం. ధ్రువీకరణ విఫలమైందని చెప్పి ఉంటే, నెట్‌వర్కు ఆ ఫోను మళ్లీ అడుగుతుందని ఎదురుచూస్తుంది, ఫోనేమో అడగకూడదని కూర్చుంటుంది. ఇద్దరి జ్ఞాపకాలకూ పొత్తు కుదరదు. ఏ ఒక్కరి తప్పూ లేకుండానే సేవ ఆగిపోతుంది.

ఈ తేడాలన్నీ ఫోనుకు ఎందుకు తెలియవు? ఈ పరీక్షకు వాడే భాష ఈఏపీ. టెలిఫోను తీగ మీద ఇంటర్నెట్‌కు ఎక్కే రోజుల్లో పుట్టిన పద్ధతి అది. ఈనాటికీ ఆధారంగా ఉన్న దాని ప్రమాణం 2004 నాటిది. అందులో వైఫల్యాన్ని తెలిపే సందేశం సరిగ్గా 4 బైట్లు. ఒక బైటు విఫలం అని చెబుతుంది, ఒక బైటు సందేశం వరుస సంఖ్య, మిగిలిన రెండు ఆ సందేశం పొడవు. కారణం రాయడానికి అందులో చోటే లేదు. ఇది అలసత్వం కాదు. ఎందుకు కాదన్నావో చెబితే దొంగకు ఏ తాళంచెవి ఎక్కడ తప్పిందో తెలిసిపోతుందన్న జాగ్రత్త ఈ మౌనానికి బలమైన సమర్థన. దొంగను దృష్టిలో పెట్టుకుని పాటించిన మౌనం, నిజాయితీగల పరికరానికీ వర్తిస్తోంది.

పరికరాలు తయారుచేసేవారికి ఇక్కడొక మాట. సర్టిఫికెట్లతో జరిగే పరీక్షలో ఆ చివరి 4 బైట్లకు ముందే, సర్టిఫికెట్ గడువు తీరింది, ఎవరిచ్చిందో తెలియదు వంటి హెచ్చరికలు లోపలి సంభాషణలో దొర్లుతాయి. వాటిని లాగ్‌లో, అంటే పరికరం రాసుకునే చిట్టాలో, భద్రపరచండి. పరికరాన్ని విప్పి చూసే మెకానిక్కుకు ఆ ఒక్క పంక్తి ఒక రోజు పనిని తగ్గిస్తుంది.

నమ్మకమైన దూత తెచ్చిన తప్పుడు మాట

ఇదే చిక్కు మొదటి తలుపు దగ్గర ఒకసారి వచ్చింది. దాన్ని ఎలా విప్పారో తెలుసుకోవడం ఉపయోగం. నువ్వు చెల్లవు అని నెట్‌వర్కు చెబితే, ఆ సిమ్ పనికిరాదని ఫోను స్విచాఫ్ చేసేవరకు నమ్మేది. ఆ సందేశానికి సంతకం లాంటి రక్షణ ఉండనక్కర్లేదు. కాబట్టి ఎవరైనా నకిలీ టవరు పెట్టి ఆ ఒక్క మాట పంపితే చుట్టుపక్కల ఫోన్లు మూగబోతాయి. 4జీలో ఇలాంటి దాడులు సాధ్యమేనని పరిశోధకులు 2016 నాటికి చేసి చూపించారు కూడా. ప్రమాణాల్లో దీనికి విరుగుడు ఉంది. రక్షణ లేని సందేశంలో తిరస్కరణ వస్తే, ఫోను దాన్ని పూర్తిగా నమ్మకుండా 30 నుంచి 60 నిమిషాల మధ్య యాదృచ్ఛికంగా ఒక గడువు ఎంచుకుని, అది ముగిశాక మళ్లీ ప్రయత్నించవచ్చు. అనుమానం ఉన్నచోట మరపుకు గడువు పెట్టారు.

స్లైసు తిరస్కరణకు ఆ వెసులుబాటు అందదు. అప్పటికే మొదటి తలుపు దాటి ఉంటాం కాబట్టి అది రక్షణ ఉన్న సందేశంలో వస్తుంది. దూత నిజమైనవాడే. కాబట్టి ఫోను పూర్తిగా నమ్ముతుంది. కానీ దూత నమ్మకస్తుడైనంత మాత్రాన పంపినవారు పొరపాటు పడరని కాదు. సర్వరులో ఒక వరుస తప్పుగా చెరిపేసినా, ఒక సర్టిఫికెట్‌ను మార్చడం మరచినా, ఆ పొరపాటు అత్యంత విశ్వసనీయమైన మార్గంలో ఫోనుకు చేరి అక్కడ స్థిరపడుతుంది. ఈ తిరస్కరణకు కూడా, నెట్‌వర్కు ఇష్టపడితే, ఒక గడువు జతచేసే వీలుండాలని నా అభిప్రాయం. అర్హత పోయినవారికి గడువు లేకుండా, సర్వరు అందనివారికి గంట గడువుతో.

చేతిలో ఫోను ఉన్నవారు ఏం చేయాలి

చేతిలో ఫోను ఉన్నవారికి మార్గం సులువే, వరుస తప్పకుండా చేయాలి అంతే. ముందు తేదీ, సమయం చూడండి. నెట్‌వర్కు నుంచి తీసుకునేలా పెట్టండి. తర్వాత మామూలు ఇంటర్నెట్ మీదో వైఫై మీదో సంస్థ ఇచ్చిన నిర్వహణ యాప్ తెరిచి సర్టిఫికెట్‌ను కొత్తది చేసుకోండి. ఆ తర్వాతే ఫోను పూర్తిగా ఆపి తిరిగి వేయండి. ముందే ఆపి వేస్తే పాత సర్టిఫికెట్‌తో మళ్లీ అడిగి మళ్లీ కాదనిపించుకుంటుంది, జాబితాలో అదే రాత మళ్లీ పడుతుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి తీయడం చాలామందికి అలవాటు. ప్రాంతానికి సంబంధించిన తిరస్కరణకు అది పనిచేయవచ్చు. ధ్రువీకరణ తిరస్కరణ విషయంలో ప్రమాణం చెప్పేది స్విచాఫ్, లేదా సిమ్ తొలగింపు.

ఇవన్నీ చేసినా కాకపోతే ఫోనుకే ఈ రెండో పరీక్ష రాయడం చేతకాకపోవచ్చు. నమోదు సమయంలోనే ఫోను తనకు ఈ శక్తి ఉందో లేదో చెబుతుంది. లేదంటే నెట్‌వర్కు పరీక్ష పెట్టకుండానే అలాంటి స్లైసులను నిరాకరిస్తుంది. సాఫ్ట్‌వేర్ మారితే తప్ప ఏ మరమ్మతూ ఫలించదు. మరో కారణం ఫోను నంబరు. సంస్థ సర్వరు, ఆపరేటరు మాట్లాడుకునేటప్పుడు పరికరాన్ని ఫోను నంబరు లాంటి బయటి గుర్తింపుతో పిలుచుకుంటారు. నంబరు మార్చుకుని సంస్థకు చెప్పని ఉద్యోగి ఫోను, సర్టిఫికెట్ ఎంత కొత్తదైనా, సర్వరుకు అపరిచితమే.

అత్యవసర కాల్ విషయంలో భయపడనక్కర్లేదు. 112కు వెళ్లే దారి ఈ రెండో తలుపు గుండా పోదు.

లారీలది ఇంకో కథ. రాయచూరు నుంచి మక్తల్, మహబూబ్‌నగర్, జడ్చర్ల, కల్వకుర్తి, హాలియా, మిర్యాలగూడ మీదుగా కోదాడకు 167వ నంబరు జాతీయ రహదారి వెళుతుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ టెలికాం లెక్కలో ఒకే సర్కిల్. కృష్ణ దాటి రాయచూరు చేరితే కర్ణాటక సర్కిల్. బియ్యం లారీలో పెట్టిన ట్రాకరు ఈ దారిలో ఎన్నో నమోదు ప్రాంతాలు మారుతుంది. ఒక ప్రాంతంలో స్లైసు లేదన్న తిరస్కరణ అయితే ఆ ప్రాంతం దాటగానే తనంతట తానే తీరిపోతుంది. ధ్రువీకరణ తిరస్కరణ మాత్రం జడ్చర్లలో పడితే కోదాడ దాకా వెంట వస్తుంది. డ్రైవరు చూసేసరికి ఒకటి బాగవుతోంది, మరొకటి కావడం లేదు. తేడా పరికరంలో లేదు, జాబితాలో ఏ గదిలో రాసుకుందన్న దానిలో ఉంది.

ఎవరూ లేనిచోట

ఫోనుకు యజమాని ఉంటాడు, చిరాకు పడి ఆపి వేస్తాడు. పొలంలో డబ్బాకు చిరాకు రాదు. దాన్ని దూరం నుంచి కోలుకునేలా చేయాలంటే నెట్‌వర్కు వైపు నుంచి మొదలుపెట్టాలి. సంస్థ సర్వరు బాగయ్యాక ఆపరేటరు ఆ పరికరానికి ఆకృతీకరణ మార్పు ఆదేశం, అంటే సెట్టింగులు మార్చుకోమనే సందేశం, పంపగలరు. స్లైసుల చందా వివరాలు మారాయని అందులో సూచిస్తే, పరికరం తన దగ్గరున్న స్లైసుల సమాచారాన్ని, తిరస్కృత జాబితాతో సహా, చెరిపేసి కొత్తగా మొదలుపెడుతుంది. పొలం దాకా వెళ్లి సిమ్ తీసి పెట్టడం వల్ల ఏం జరుగుతుందో, నల్గొండలోనో హైదరాబాదులోనో కూర్చుని అదే జరిపించవచ్చు.

ఒక షరతు ఉంది. ఆదేశం చేరాలంటే పరికరం నెట్‌వర్కులో ఏదో ఒక తీగకు వేలాడుతూ ఉండాలి. దానికి ఇచ్చిన స్లైసులన్నీ ధ్రువీకరణ కోరేవే అయి, అన్నీ విఫలమైతే నెట్‌వర్కు 62వ నంబరు కారణం, అంటే ఏ స్లైసూ లేదు అని చెప్పి నమోదునే తీసేస్తుంది. ఇక పిలిచే దారి లేదు. కొత్త సర్టిఫికెట్ పంపాలంటే లోపలికి రావాలి, లోపలికి రావాలంటే కొత్త సర్టిఫికెట్ ఉండాలి. ఈ ముడి పడకుండా ఉండాలనే 3జీపీపీ ఒక సిఫారసు చేసింది. రెండో పరీక్ష అవసరం లేని స్లైసును కనీసం ఒకటి ప్రతి చందాదారుకూ డిఫాల్టుగా ఉంచాలి. 17వ విడతలో ఈ పరీక్షకు కావలసిన ఆధారాలను దూరం నుంచి పరికరంలోకి ఎక్కించే పద్ధతి కూడా చేర్చింది. ఖర్చు తగ్గుతుందని ఆ డిఫాల్టు స్లైసును తీసేసిన ఒప్పందాన్ని నేనైతే సంతకం పెట్టకుండా పక్కనపెడతాను. ఆ స్లైసులో వీడియోలు ఆడనక్కర్లేదు. గడియారం సరిచేసుకోవడానికి, సర్టిఫికెట్ మార్చుకోవడానికి, ఒక ఆదేశం అందుకోవడానికి సన్నటి ధార చాలు.

దానితో పాటు పరికరంలోనే ఒక స్వీయ చికిత్స ఉండాలి. తన స్లైసు ఎంతకూ దొరకకపోతే మోడెమ్‌ను తానే ఆపి వేసుకోవాలి. మొదట పది నిమిషాలకు, తర్వాత గంటకు, ఆ తర్వాత ఆరు గంటలకు, ఇలా వ్యవధి పెంచుకుంటూ పోవాలి. ఇక్కడే మన ప్రాంతపు అనుభవం ఒకటి అక్షరాలా పనికొస్తుంది. ఆటో స్టార్టర్లు. కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కిందున్న మోటార్లన్నీ ఒకే క్షణంలో లేస్తే ఏమవుతుందో ఇక్కడి రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. నడిచేటప్పటి కన్నా లేచేటప్పుడు మోటారు ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, అన్నీ కలిసి లాగితే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యే ముందు, 2017లో ఆటో స్టార్టర్లను తీయించేందుకు రాష్ట్రమంతా పెద్ద ప్రయత్నమే జరిగింది. దానికి భూగర్భ జలాలు అడుగంటుతాయన్న భయం కూడా ఒక ముఖ్య కారణం.

సర్వరు కూడా ట్రాన్స్‌ఫార్మర్ లాంటిదే. పరికరం మామూలుగా నడిచేటప్పుడు సంస్థ సర్వరుతో దానికి పనే లేదు. నమోదు కొనసాగినంత కాలం పరీక్ష ఫలితాన్ని నెట్‌వర్కు దాచుకుంటుంది, మాటిమాటికీ అడగదు. లేచేటప్పుడు మాత్రం ప్రతి పరికరమూ అటూ ఇటూ అనేక సందేశాలతో, బరువైన గణితంతో పరీక్ష రాస్తుంది. సబ్‌స్టేషన్‌లో కరెంటు వచ్చిన క్షణాన ఫీడరు మీదున్న పరికరాలన్నీ ఒక్కసారిగా సర్వరు మీద పడితే, అప్పుడే కోలుకున్న ఆ సర్వరు మళ్లీ కూలుతుంది. కూలితే మళ్లీ తిరస్కరణలు వస్తాయి, జాబితాలో మళ్లీ అవే రాతలు పడతాయి. యంత్రాలకు వాడే సిమ్ పరికరాల కోసం మొబైల్ ఆపరేటర్ల సంఘం జీఎస్ఎంఏ రాసిన మార్గదర్శకాలు పరికరాలన్నీ ఒకే క్షణంలో ప్రయత్నించకుండా యాదృచ్ఛిక జాప్యం పాటించాలని చెప్పడం ఇందుకే.

లెక్క వేసి చూడండి. వెయ్యి పరికరాలు ఒకే సెకనులో లేస్తే సర్వరుకు వెయ్యి పరీక్షలు ఎదురవుతాయి. ప్రతి పరికరమూ సున్నా నుంచి పది నిమిషాల మధ్య తనకు తోచిన ఒక క్షణాన్ని ఎంచుకుని లేస్తే సెకనుకు సగటున రెండు పరీక్షలు కూడా పడవు. పది నిమిషాల ఆలస్యానికి ఏ వరి మడీ ఎండదు. అందరికీ పది నిమిషాలు అని ఒకే అంకె పెట్టకూడదు, పెడితే తుఫాను పది నిమిషాలు వాయిదా పడుతుందంతే. సీరియల్ నంబరు లోంచో, లోపలి యాదృచ్ఛిక సంఖ్య లోంచో ఆ జాప్యం పుట్టాలి. టెండరు పత్రంలో ఇది ఒక్క వాక్యం. డబ్బాలు పొలాల్లో బిగించాక ఆ వాక్యాన్ని చేర్చాలంటే ఒక్కో డబ్బా దగ్గరికీ బండి మీద వెళ్లాలి.